ముందు, వెనక, చాలు

ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య చివరికి మూడు మాటలే మిగిలాయి: ముందు, వెనక, చాలు. ఆ మూడూ సంసారానికి సంబంధించినవి కావు, కెమెరా లెన్సులకి సంబంధించినవి. మిగతా కాపురమంతా చప్పుళ్ళతో నడిచిపోయేది. గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగా పెడితే టీ అయిందని అర్థం. వీధి తలుపు గొళ్ళెం ఆడితే ఆయన బయటికి వెళ్తున్నాడని అర్థం. కంచం మీద మూత వేసి ఉంటే ఆవిడ తిని పడుకుందని అర్థం.

ఆవిణ్ణి అందరూ గీతలమ్మ అనేవారు. అలా పిలిచి పిలిచి, అసలు పేరు ఆవిడకే అప్పుడప్పుడు మాత్రమే గుర్తొచ్చేది. ఆ పేరు పెట్టింది భర్తే, పెళ్ళైన కొత్తలో, సరదాకి. ఆయన లెన్సులు బాగుచేసే మనిషి. వయసులో ఉండగా ఒక కెమెరా కంపెనీ వర్క్‌షాపులో పనిచేసి, అది మూతపడ్డాక ఇంటి వీధి గదిలో సొంతంగా బల్ల వేసుకున్నాడు. మాట తక్కువ, పనితనం ఎక్కువ. ఫోటోగ్రాఫర్లందరూ ఆయన్ని మేస్త్రీ అనేవారు.

ఆ ఇల్లు రైలుపెట్టె లాంటిది. ముందు వీధి గది, అదే షాపు. దాని వెనక ఒక పొడుగాటి గది. ఆ తర్వాత వంటగది, పడకగది. షాపులోంచి వంటింట్లోకి పోవాలంటే ఆ పొడుగు గది దాటాల్సిందే. దాని కిటికీకి నల్ల కాగితం అంటించి ఉండేది. ఒక చివర గోడకి నలుపు తెలుపు గళ్ళ అట్ట, పక్కనే ఏటవాలుగా నిలబెట్టిన కొలబద్ద. రెండో చివర బరువైన ఇనప స్టాండు మీద కెమెరా. దాని పక్కన ఒక చిన్న టీవీ తెర, ఒక కుర్చీ. ఆ కుర్చీ గీతలమ్మది.

మీట నొక్కగానే లెన్సు తనంతట తానే తిరిగి ఎదుటి మనిషి మొహాన్ని స్పష్టంగా పట్టుకోవాలి. ఆటోఫోకస్ అంటే అదే. కానీ లెన్సులు కూడా మనుషుల్లాంటివే. కొన్ని కళ్ళని పట్టుకున్నామనుకుని ముక్కుని పట్టుకుంటాయి. కొన్ని ఇంకా తెలివైనవి, మనిషిని వదిలేసి వెనకాల గోడని పట్టుకుంటాయి. అలాంటివాటిని దారిలో పెట్టడమే ఆ పొడుగు గదిలో పని. మేస్త్రీ అట్టకి గురిపెట్టి ఫోటో తీస్తాడు. అది తెర మీద పెద్దదిగా పడుతుంది. ఏటవాలు కొలబద్ద మీది గీతల్లో ఏది అన్నిటికంటే నల్లగా, పదునుగా ఉందో గీతలమ్మ చూసి చెప్పాలి. సున్నా గీత అయితే లెన్సు బాగున్నట్టు. దానికి ఇవతలి గీత అయితే "ముందు." అవతలిదైతే "వెనక." ఆవిడ చెప్పిన దాన్నిబట్టి ఆయన లెన్సులో దిద్దుబాటు అంకె మార్చి మళ్ళీ తీస్తాడు. మళ్ళీ చదవాలి. సున్నా మీదకి వచ్చి, నాలుగైదు సార్లు తీసినా అక్కడే నిలబడితే అప్పుడు "చాలు."

కొత్తల్లో ఆ గదిలో నవ్వులే నవ్వులు.

"వెనక," అనేది ఆవిడ.

"ఎంత?"

"మీరు పొద్దున్నే లేవడానికి బద్ధకించేంత."

"అమ్మో, అంత వెనకా? అయితే ఈ లెన్సు ఇంక బాగుపడదు."

తర్వాత పాప పుట్టింది. అక్షరాల కంటే ముందు గీతలు నేర్చుకుంది. బల్ల కింద దూరి కూర్చుని, అమ్మ కంటే ముందే "వెనక!" అని అరిచేది. సగం సార్లు దాని మాటే నిజమయ్యేది. కంచంలో వడ్డిస్తుంటే కూడా అదే వరస: "ఇంకా వెనక... ఇంకా వెనక... చాలు!" ఫోటో తీసేటప్పుడు నేల అదిరితే గీతలు చెదిరిపోతాయని, గదిలో పరిగెత్తొద్దని దానికి చెప్పీ చెప్పీ ఇద్దరికీ నోళ్ళు నొప్పిపుట్టేవి.

దానికి తొమ్మిదో ఏట ఒక పొద్దున కడుపునొప్పి అంది. ఒళ్ళు కాస్త వెచ్చబడింది. ఆ రోజు సాయంత్రం రైలుకి వెళ్ళాల్సిన ఒకాయన లెన్సు బల్ల మీద విప్పి ఉంది. "సాయంత్రం తీసుకెళ్దాం డాక్టరు దగ్గరికి," అన్నాడు మేస్త్రీ. పిల్లలకి కడుపునొప్పులు కొత్తా? బడికి ఎగనామం పెట్టాలన్నా కడుపే నొప్పిపుడుతుంది. సాయంత్రానికి పాప మెలికలు తిరిగిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి లోపల పేగు పగిలి విషం ఒళ్ళంతా పాకిందన్నారు. ఆపరేషన్ చేశారు. మర్నాడు బాగానే ఉందన్నారు. ఆ మర్నాడు పాప పోయింది.

ఏడవగలిగినన్నాళ్ళు ఏడ్చారు, ఎవరి గదిలో వాళ్ళు. కర్మకాండలూ అయ్యాయి, చుట్టాలూ వెళ్ళిపోయారు. తర్వాత ఒకనాడు మేస్త్రీ పొడుగు గదిలోకి వెళ్ళి దీపం వేశాడు. కాసేపటికి గీతలమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆయన మీట నొక్కాడు. తెర మీద గీతలు వచ్చాయి.

"ముందు," అంది ఆవిడ.

అలా మొదలైంది. ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు, ఎవరూ అలగలేదు. మాటలే రాలేదు. ఇవాళ రాకపోతే రేపొస్తాయిలే అనుకుంది ఆవిడ. అలా పదేళ్ళు దాటింది.

ఆవిడ అక్క రెండు వీధుల అవతల ఉండేది. అప్పుడప్పుడూ వచ్చి, ఆ ఇంటికి వారం రోజులకి సరిపడా మాటలన్నీ తానే మాట్లాడి వెళ్ళేది. "మీ ఇంటికొస్తే నా చెవులకి జబ్బు చేసిందేమోనని భయమేస్తుందే. ఒక మాటా లేదు, పలుకూ లేదు. కొట్టుకోండి, తిట్టుకోండి, ఏదో ఒకటి చెయ్యండి," అనేది. గీతలమ్మ నవ్వి ఊరుకునేది. అక్కకి చెప్పని సంగతి ఒకటుంది. మాటల్లేవన్నది నిజం కాదు. పొడుగు గదిలో ఉన్నాయి. "వెనక" అని ఆవిడ అంటే ఆయన చెయ్యి కదిలేది. "చాలు" అంటే ఆగేది. ఒక్కోసారి ఆయన నిట్టూర్చేవాడు. ఒక్కోసారి "ఇప్పుడు?" అని అడిగేవాడు. ఆ "ఇప్పుడు?" కోసమే ఆవిడ పొద్దున్నే వంటపని గబగబా ముగించుకునేది.

ఆయన మాట్లాడకపోవడానికి కారణం సిగ్గు అని ఆవిడ నమ్మకం. సాయంత్రం చూద్దామన్నది ఆయనే కదా. ఆ మాట ఆయన గొంతులో ముల్లులా దిగబడి ఉంటుంది, అందుకే ఇంకే మాటా బయటికి రావడం లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆ ముల్లు ఊడుతుంది, ఆయనే నోరు తెరిచి "తప్పు నాదే" అంటాడు. అప్పుడు తాను ఏమనాలో కూడా ఆవిడ ఆలోచించి పెట్టుకుంది. ఏమీ అనకూడదు. వెళ్ళి పక్కన కూర్చోవాలి, అంతే.

ఈలోగా ఆవిడ కళ్ళు మందగించాయి. సాయంత్రానికి కళ్ళ వెంట నీళ్ళు కారేవి. కొంగుతో అద్దుకుంటుంటే ఆయన ఓరకంట చూసేవాడు. ఒకరోజు ఒక ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. కెమెరాకి ఒక తీగ తగిలించాడు. గోడ మీది గళ్ళ అట్ట తీసేసి, చక్రంలా గీతలున్న ఇంకో అట్ట అంటించాడు. ఏదో నొక్కాడు. కెమెరా తనంతట తానే టకటకా ఫోటోలు తీసుకుంది. ల్యాప్‌టాప్ మీద చుక్కలు పడ్డాయి, చుక్కల మీదుగా కొండలా ఒక గీత వంగింది, కింద ఒక అంకె వచ్చింది. అంతే. పని అయిపోయింది.

మేస్త్రీ ఆవిడ వైపు తిరిగాడు. ఏళ్ళ తర్వాత ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట వచ్చింది. "ఇంక నువ్వు కళ్ళు పొడుచుకోనక్కర్లేదు. ఇదే చదివేస్తుంది."

మంచికే అన్నాడు. మొహంలో కాస్త వెలుగు కూడా ఉంది, పండక్కి చీర తెచ్చిన మొగుడి మొహంలా. ఆవిడ తల ఊపి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె ఒకటి తీసుకుని తోమింది. అది తోమిన గిన్నేనని సగంలో తెలిసింది, అయినా తోముతూనే ఉంది. గోడ అవతల కెమెరా టకటకలాడుతోంది. ఒక్క మనిషి గొంతు లేదు.

ఆ తర్వాత రోజులు గడవడం మానేశాయి. లెన్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆవిడ ఆ గదిలోంచి షాపుకి టీ తీసుకెళ్ళేటప్పుడు కుర్చీ వైపు చూసేది. కుర్చీ మీద అట్టపెట్టెలు పేర్చి ఉండేవి. గ్లాసు గట్టిగా పెట్టేది. ఆయన తాగేవాడు. ఒకనాడు అక్క వస్తే, ఎన్నడూ లేనిది, గీతలమ్మే గంటసేపు మాట్లాడింది. కూరగాయల గురించి, పక్కింటి కుళాయి గురించి, ఏవేవో. అక్క నోరు తెరుచుకుని విని, "ఏమైందే నీకు?" అంది భయపడుతూ.

అలా ఉండగా పత్రికాయన వచ్చాడు. దినపత్రికలో ఫోటోలు తీసే మనిషి, పాత ఖాతాదారు. గుంపుల్లో దూరి, మనిషి మొహం దగ్గరికి పోయి, ముందున్న మనిషీ చుట్టూ ఉన్న జనమూ అంతా పడేలా తియ్యడం ఆయన పద్ధతి. దానికి వెడల్పుగా చూసే జూమ్ లెన్సు వాడతాడు. తోపులాటలో అది చేజారి మెట్ల మీద పడిందట.

"పైకేం కాలేదు మేస్త్రీగారూ, గీత కూడా పడలేదు. కానీ తిక్కతిక్కగా చూస్తోంది," అన్నాడు.

"లోపలి దెబ్బ అయ్యుంటుంది. ఉంచి వెళ్ళండి."

మేస్త్రీ దాన్ని విప్పాడు, లోపల వంగిన చోట సర్దాడు, మళ్ళీ బిగించి ల్యాప్‌టాప్‌కి అప్పగించాడు. దూరంవాటిని దగ్గరికి లాగే జూమ్ కొసన బాగానే అంకె వచ్చింది. వెడల్పు కొసన మాత్రం యంత్రానికి తల తిరిగింది. వెడల్పు లెన్సులతో వచ్చే చిక్కే అది. అట్ట చీమంత కనబడుతుంది, ముందూ వెనకా అన్నీ కాస్తో కూస్తో బాగానే ఉన్నట్టుంటాయి, అసలు స్పష్టత ఎక్కడుందో తేల్చడం కష్టం. చుక్కలు కొండలా వంగడానికి బదులు చల్లిన గింజల్లా చెదిరిపోయాయి. ఒకసారి ఒక అంకె, ఇంకోసారి ఇంకో అంకె. అట్ట దగ్గరికి జరిపాడు, దీపాలు పెంచాడు. కిందా మీదా పడి వెడల్పు కొస దారికి తెస్తే జూమ్ కొస తప్పేది. పొట్టి దుప్పటి వ్యవహారం. తల కప్పితే కాళ్ళు బయట, కాళ్ళు కప్పితే తల బయట.

గీతలమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది. టకటకలు, ఆగడం, ఒక విసుగు మూలుగు, మళ్ళీ టకటకలు. పిలుస్తాడేమోనని చూసింది. ఆ రోజూ పిలవలేదు, మర్నాడూ పిలవలేదు. మూడోనాడు మధ్యాహ్నం చేతులు తుడుచుకుని తానే వెళ్ళింది. కుర్చీ మీది అట్టపెట్టెలు తీసి నేల మీద పెట్టింది. కూర్చుంది.

ఆయన ల్యాప్‌టాప్ తీగ పీకాడు. పాత కొలబద్ద అటక మీద నుంచి దింపి, దుమ్ము తుడిచి, ఏటవాలుగా నిలబెట్టాడు. తెర వెలిగింది. మీట నొక్కాడు.

"ఇప్పుడు?" అన్నాడు.

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది. తెర మీదకి వంగింది.

గీతలు కనబడలేదు. బూడిదరంగు మబ్బు ఒకటి కనబడింది, అందులో కాస్త నల్లగా ఒక చార. కళ్ళు చికిలించింది. చార రెండయింది. కళ్ళు నలుపుకుంది. చార మూడయింది. వెడల్పు లెన్సు గీతలు అసలే సన్నం. కనబడటం లేదని చెప్పెయ్యాలి. చెబితే? ఆయన లేచి తీగ తగిలిస్తాడు. అట్టపెట్టెలు కుర్చీ మీదకి ఎక్కుతాయి.

"వెనక," అంది.

ఆయన అంకె మార్చాడు. "ఇప్పుడు?"

"ఇంకా వెనక."

"ఇప్పుడు?"

"కొంచెం ముందుకొచ్చింది."

చీకటి గదిలో గోడ తడుముకుంటూ నడిచినట్టు ఆవిడ ఊహించి చెబుతూ పోయింది. ఆయన నమ్ముతూ పోయాడు. జీవితంలో ఆ మనిషి ఇంత పూర్తిగా నమ్మింది ఆ ఒక్క గొంతునే. ఆవిడకి అది తెలుసు. తెలిసే చెప్పింది. మధ్యలో ఒకసారి ఆయన "మొండిది" అన్నాడు లెన్సుని. ఆవిడ "అవును" అంది. అది నాలుగో మాట. దాని కోసం ఇంకో గంట అయినా అలాగే అబద్ధాలు చెప్పేదే. కానీ ఎంతసేపని సాగదీస్తుంది? వీధిలో దీపాలు వెలిగే వేళకి ఇక తప్పక, "చాలు," అంది.

ఆయన లెన్సు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మూత పెట్టాడు. గదిలోంచి వెళ్తూ ఆవిడ కుర్చీ వీపు మీద ఒకసారి చెయ్యి ఆనించాడు. భుజం మీద కాదు, కుర్చీ మీద. ఆ రాత్రి ఆవిడ కంచం మీద మూత వెయ్యలేదు. ఆయన వచ్చేదాకా కూర్చుంది. ఇద్దరూ ఒకేసారి తిన్నారు.

వారం తిరగకుండానే పత్రికాయన వచ్చాడు. గీతలమ్మ పొడుగు గది గుమ్మం దగ్గర, పరదా వెనక, టీ గ్లాసులతో ఆగింది.

"కోప్పడుతున్నాననుకోకండి మేస్త్రీగారూ. ఇది చూడండి," అని ఫోటో ఒకటి బల్ల మీద పెట్టాడు. ఎక్కడో పాత భవనం కూలింది. శిథిలాల ముందు ఒక తల్లి కూర్చుని ఏడుస్తోంది. "ఇంత దగ్గర నుంచి తీశాను. ఆవిడ మొహం చూడండి, మసక. వెనక గోడ మీద సబ్బు ప్రకటన మాత్రం అక్షరం అక్షరం చదువుకోవచ్చు. ఆఫీసులో నన్ను పట్టుకుని, తల్లి కావాలంటే సబ్బు తెచ్చావేమయ్యా అన్నారు. మళ్ళీ వెళ్ళి ఆవిణ్ణి ఇంకోసారి ఏడవమంటానా?"

మేస్త్రీ ఫోటో దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. గీతలమ్మ పరదా అంచు పట్టుకుంది. ఇప్పుడు తన పేరు చెబుతాడు. చెప్పనీ. చెప్పడమే న్యాయం.

"తప్పు నాదేనండి," అన్నాడు మేస్త్రీ. "నేను చూసుకోవాల్సింది. నాదే తప్పు. ఇలా ఇవ్వండి, మళ్ళీ చేస్తాను. కుదరకపోతే కుదరదని చెబుతాను."

నీళ్ళు తాగినంత తేలిగ్గా అన్నాడు. పత్రికాయన లెన్సు ఇచ్చి వెళ్ళిపోయాడు.

గీతలమ్మకి మొదట కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, తనని కాచినందుకు. మరుక్షణం ఆ నీళ్ళు సలసల కాగినట్టయ్యాయి. గ్లాసులు గుమ్మం దగ్గరే పెట్టేసింది. మేస్త్రీ లెన్సు పట్టుకుని పొడుగు గదిలోకి వచ్చాడు.

"అయితే ఆ మాట వచ్చన్నమాట మీకు," అంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏ మాట?"

"తప్పు నాదేనన్న మాట. అద్దం ముక్క మసకబారితే వచ్చింది. పాప పోతే రాలేదు."

ఆయన లెన్సు స్టాండు పక్కన మెల్లగా పెట్టాడు. పెట్టాక కూడా చెయ్యి దాని మీదే ఉంచాడు.

"నువ్వు గీతలు చదవలేదు," అన్నాడు. "కనబడలేదు నీకు. అవునా?"

"అవును. అబద్ధం చెప్పాను. నేను అడిగింది అది కాదు."

"వద్దు. వదిలెయ్యి."

"పదేళ్ళు వదిలేశాను. మీరే చెబుతారని. ఇవాళ ఎవరో దారిన పోయే మనిషికి చెప్పారు."

ఆయన అట్టపెట్టె మీద కూలబడ్డాడు. నేల వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"సాయంత్రం వెళ్దామన్నది నేనే. కాదనను. నా తలకాయ లెన్సులో ఉంది, పాపని చూడనే లేదు. నువ్వు చూశావు. దాని నుదుటి మీద చెయ్యి వేశావు, కడుపు నొక్కి చూశావు. అది ఏడ్చింది. నాకు వినబడింది. చూసొచ్చి, ఈ కుర్చీలో కూర్చుని, 'వెనక' అన్నావు."

గీతలమ్మ కుర్చీ వైపు చూసింది.

"నేను ఎప్పుడైనా నా అంతట నేను ఆగానా? నువ్వు చాలంటే ఆగేవాణ్ణి. ఆ రోజు ఒక్కసారి 'చాలు, లేవండి' అంటే లేచిపోయేవాణ్ణి. నువ్వు అనలేదు. అందుకని అంత నొప్పి ఉండదులే అనుకున్నాను. నీ మాట మీద." ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఇది నీతో అనకూడదని మనసులోనే గట్టిగా అనుకున్నాను. ఏ మాట మాట్లాడినా వెనకాలే ఇది ఊడిపడుతుందేమోనని భయం. అందుకే మాట్లాడ్డమే మానుకున్నాను."

ఆవిడ సిగ్గు అనుకున్నది సిగ్గు కాదు. పదేళ్ళుగా ఆ మనిషి నోరు నొక్కుకుని తనని తప్పు పడుతూనే ఉన్నాడు. తప్పు పడుతూనే, ఆ మాట తన చెవిన పడకుండా కాస్తూ ఉన్నాడు. రెండింటిలో దేనికి ఏడవాలో ఆవిడకి తెలియలేదు. పైగా ఆయన చెప్పింది నిజం. పాప కడుపు మీద చెయ్యి వేసినప్పుడు చర్మం ఎంత బిగుసుకుని ఉందో ఆవిడ వేళ్ళకి గుర్తుంది. "నీళ్ళు తాగి పడుకో, ఇది అవగానే వస్తా," అన్నది గుర్తుంది. "అమ్మా, ఇంకా ఎన్ని గీతలు?" అని పాప అడిగింది కూడా గుర్తుంది. ఇవన్నీ మూటగట్టి ఆయన 'సాయంత్రం' కింద తోసేసి, దాని మీద తాను కూర్చుంది.

"అంటే మీ తప్పు మీరు ఒప్పుకున్నట్టా, నా తప్పు నాకు అప్పగించినట్టా?" అంది చివరికి.

"ఏమో," అన్నాడు. "చెప్పకుండా ఉండాల్సింది."

"అవును," అంది ఆవిడ. "అడక్కుండా ఉండాల్సింది."

గుండెల్లో బరువు దిగితే మనిషి తేలికపడతాడంటారు. వాళ్ళకి అలా జరగలేదు. ఇన్నాళ్ళూ ఎవరి బరువు వాళ్ళు మోశారు, ఆ రోజు నుంచి ఇద్దరిదీ ఇద్దరూ మోశారు.

పత్రికాయన లెన్సు బాగుపడలేదు. మేస్త్రీ దాన్ని తిరిగి ఇచ్చేస్తూ నా వల్ల కాదని చెప్పేశాడు. పత్రికాయన కొన్నాళ్ళకి కొత్త రకం కెమెరా కొనుక్కున్నాడు. అందులో ఈ ముందూ వెనకల గొడవే లేదట, ఫోటో పడే చోటే కెమెరా స్పష్టత చూసుకుంటుందట. మెల్లమెల్లగా అందరూ అవే కొన్నారు. లెన్సులు రావడం తగ్గింది. పొడుగు గదిని పక్కనున్న చెప్పుల షాపువాళ్ళు సరుకు పెట్టుకోవడానికి అద్దెకి అడిగారు. మేస్త్రీ అట్టలు పీకేసి, స్టాండు విప్పేసి, కిటికీకి అంటించిన నల్ల కాగితం తడిపి గోకేశాడు. వీధి గదిలో టార్చిలైట్లు, గోడ గడియారాలు బాగుచేస్తూ కూర్చుంటున్నాడు.

గీతలమ్మని అక్క కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. అద్దాలు వచ్చాయి. ఇప్పుడు గోడ మీద పాకే చీమ కాళ్ళు కూడా కనబడతాయి. అక్కే మాట సాయం చేసి, బజారులో గుండీలు, దారాలు అమ్మే కొట్టులో పని ఇప్పించింది. జాకెట్టు ముక్క తెస్తే దానికి సరిపోయే దారం రంగు వెతికి ఇస్తుంది. కొట్టుకి వచ్చేవాళ్ళెవరికీ ఆవిడ పేరు గీతలమ్మని తెలియదు.

ఇంట్లో ఆ మూడు మాటలు కూడా లేవిప్పుడు. పోట్లాట కూడా లేదు. ఆయనకి దగ్గొస్తే ఆవిడ మందు తెచ్చి గడియారాల పక్కన పెడుతుంది. ఆవిడకి ఆలస్యమైతే ఆయన వీధి దీపం కింద నిలబడి, ఆవిడ మలుపు తిరగడం చూసి లోపలికి పోతాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నప్పుడు మాత్రం ఇద్దరికీ పాప నొప్పన్న ఆ ఉదయమే కనబడుతుంది, అందుకని చూసుకోరు.

మొన్నీమధ్య కొట్టు కట్టేశాక అక్క దారిలో పట్టుకుంది.

"ఎన్నాళ్ళే ఇలా? బతికుండగానే సమాధిలో కాపురం. మా ఇంటికొచ్చెయ్యి. మీ బావగారు కూడా అదే అంటున్నారు. గది ఖాళీగానే ఉంది."

"రాను అక్కా."

"ఏముందే ఆ ఇంట్లో నీకు? ఆ మనిషి మాట్లాడతాడా? నవ్వుతాడా? ఉన్నాడా అంటే ఉన్నాడు."

గీతలమ్మ సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"పాప నిద్రలో ఒక చెయ్యి తల కింద పెట్టుకునేది. ఏ చెయ్యో నీకు తెలుసా?" అంది.

అక్క బిత్తరపోయింది. "నాకెలా తెలుస్తుందే?"

"ఆయనకి తెలుసు."

కాసేపు ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. కూరల బండి దగ్గర అక్క విడిపోయింది. గీతలమ్మ ఇంటికి పోయింది. వీధి గదిలో మేస్త్రీ ఒక గోడ గడియారం వెనక మూత విప్పి, లోపలికి తొంగి చూస్తున్నాడు. ఆవిడ ఆయన వెనక నుంచి, చెప్పుల పెట్టెల మధ్య ఒళ్ళు ఒదిగించుకుని, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.